ఆర్కమ్‌లో ములాఖత్ వేళ

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఏ దేశపు పటంలోనూ లేని ఒక చెర గురించి. అమెరికన్ బొమ్మల కథల్లో, అంటే కామిక్స్‌లో, బ్యాట్‌మన్ అనే వీరుడు పట్టుకున్న నేరస్థులను ఉంచే పిచ్చాసుపత్రి అది, పేరు ఆర్కమ్. దాని పునాది ఎక్కడ పడిందో చెప్పడానికి ముందుగా ఒక చిన్న బొమ్మను మీ ముందుంచుతాను. 1940 వసంతంలో అమెరికాలో బ్యాట్‌మన్ పేరుతో విడి పత్రిక మొదలైంది. జోకర్ అనే విలన్ తొలిసారి కనబడింది ఆ మొదటి సంచికలోనే. అందులో అతనివి రెండు కథలున్నాయి. రెండో కథ చివర పెనుగులాటలో తన కత్తి తనకే గుచ్చుకుని జోకర్ చనిపోవాలి. కథను తయారుచేసినవారు అలాగే ముగించారు. సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ మాత్రం ఇంత బలమైన విలన్‌ను ఒక్క సంచికతో పోగొట్టుకోవడానికి ఇష్టపడక, ఆఖరున ఒక ప్యానెల్, అంటే ఒక బొమ్మ గడి, చేర్పించాడు. అందులో అంబులెన్సులో ఉన్న డాక్టరు, ఈ మనిషి చావలేదు, బతుకుతాడు అని ఆశ్చర్యంగా చెబుతాడు.

సూపర్‌విలన్ల జైలుకు శంకుస్థాపన ఆ ప్యానెల్‌లోనే జరిగిందని నా నమ్మకం. విలన్ చావకూడదు, వదిలేయకూడదు, రేపటి కథకు మళ్ళీ రావాలి. మరి ఈలోగా అతన్ని ఎక్కడ ఉంచాలి? ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టిన కట్టడానికి గోడలు ఎంత మందంగా ఉన్నా, తాళాలు ఎన్ని వేసినా, దానిలోంచి మనిషి బయటపడక తప్పదు. మనకు ఇది కొత్త సంగతి కాదు. విక్రమార్కుడు చెట్టు మీంచి శవాన్ని దించి భుజాన వేసుకున్న ప్రతిసారీ కథ చివర బేతాళుడు మళ్ళీ చెట్టెక్కకపోతే ఆ కథల వరుసే లేదు. బ్యాట్‌మన్ జోకర్‌ను భుజాన వేసుకుని వెళ్ళే శ్మశానం పేరు ఆర్కమ్. తేడా ఏమిటంటే, మన కథలో చెట్టు ఒట్టి చెట్టే. దానికి డాక్టర్లు, నర్సులు, వార్డెన్లు లేరు. ఆర్కమ్‌కు ఉన్నారు. అందువల్ల ఆర్కమ్‌ను మనం కొన్ని ప్రశ్నలు అడగవలసి వస్తుంది.

ఆ పేరు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1954లో అమెరికన్ కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తాము ఒక నియమావళి పెట్టుకున్నారు. ప్రతి కథలోనూ మంచి గెలవాలని, నేరస్థుడు తన పనికి శిక్ష అనుభవించాలని, పోలీసుల మీద, న్యాయమూర్తుల మీద, ప్రభుత్వాధికారుల మీద పాఠకులకు అగౌరవం కలిగించకూడదని అందులో రాసుకున్నారు. ఆ నియమం నడిచినంతకాలం జైలు అంటే కథ చివరి బొమ్మలో ఊచల వెనక కూర్చున్న మనిషి, అంతే. ఊచల వెనక ఏం జరుగుతోందని అడిగే వీలు రచయితకు లేదు. 1971లో ఆ నియమాలు సడలాయి. నా ఉద్దేశంలో, జైలు లోపలికి కథ అడుగుపెట్టే దారి అప్పుడే ఏర్పడింది. 1973లో డెన్నిస్ ఓనీల్ రాసి, నీల్ ఆడమ్స్ గీసిన కథలో జోకర్ మతిచలించిన నేరస్థులను ఉంచే ప్రభుత్వాసుపత్రి నుంచి తప్పించుకుని వస్తాడు. ఆ ఆసుపత్రికి అప్పటికి పేరు లేదు. మరుసటి ఏడాది, 1974 అక్టోబరు తేదీతో వచ్చిన బ్యాట్‌మన్ 258వ సంచికలో, అదే ఓనీల్ రాయగా ఇర్వ్ నోవిక్ గీసిన కథలో, ఆ చోటుకు ఆర్కమ్ హాస్పిటల్ అని పేరు పెట్టారు. భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ మసాచుసెట్స్‌లో ఉన్నట్టు కల్పించుకున్న ఊరి పేరు ఆర్కమ్. ఆయన 1937లో అచ్చయిన ఒక కథలో ఆర్కమ్ మానసిక చికిత్సాలయం కూడా ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మొదటి పేరు హాస్పిటల్. అది అసైలం కావడానికి మరికొన్నేళ్ళు పట్టింది. అసైలం అన్న మాటకు అసలు అర్థం ఆశ్రయం. మనం దాన్ని పిచ్చాసుపత్రి అని తెలుగు చేసుకున్నాం, ఆ మాటలో ఆశ్రయం అన్న ఛాయ పూర్తిగా పోయింది. ఇంగ్లీషులోనూ పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో థామస్ కర్క్‌బ్రైడ్ అనే అమెరికన్ వైద్యుడు కట్టడమే సగం వైద్యం చేస్తుందని నమ్మాడు. ప్రతి వార్డుకూ ఎండ, గాలి తగిలేలా, మధ్య భవనానికి అటూ ఇటూ మెట్లు మెట్లుగా వెనక్కి జరిగే రెక్కలతో ఆసుపత్రుల నమూనా గీశాడు. మసాచుసెట్స్‌లోని డాన్వర్స్‌లో 1878లో తెరిచిన ఆసుపత్రి ఆ నమూనాలో కట్టిందే. వందల మందికి కట్టినచోట వేల మందిని కుక్కడంతో, రోగికి ఎండ పొడ తగలాలన్న ఉద్దేశంతో పుట్టిన ఆ ఎర్రటి పొడవాటి భవనాలే జనానికి దడపుట్టించే కోటలయ్యాయి. 1955 నాటికి అమెరికాలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో సుమారు 5 లక్షల 60 వేల మంది ఉండేవారు. కొత్త మందులు, మారిన చట్టాల వల్ల 1970ల మధ్యకల్లా ఆ సంఖ్య సగానికి పైగా తగ్గిపోయింది. అంటే నిజమైన అసైలాలు ఖాళీ అవుతున్న రోజుల్లోనే కామిక్స్‌లోని అసైలం నిండడం మొదలైంది. ఖాళీ అయిన ఆ భవనాల భయమంతా తరలివచ్చి బ్యాట్‌మన్ కాపలా కాసే గోథమ్ నగరం శివార్లలో కాపురం పెట్టిందేమో అనిపిస్తుంది నాకు.

ఆర్కమ్‌కు లోతైన గతాన్ని ఇచ్చింది 1989లో వచ్చిన పుస్తకం. గ్రాంట్ మారిసన్ రాశాడు, డేవ్ మెకీన్ బొమ్మలు వేశాడు. ఏప్రిల్ 1న రోగులు ఆసుపత్రిని స్వాధీనం చేసుకుని, బ్యాట్‌మన్‌ను లోపలికి రమ్మంటారు. అందులో నన్ను ఎన్నేళ్ళయినా వదలనిది జోకర్ కాదు, టూ-ఫేస్. అతని అసలు పేరు హార్వీ డెంట్, ఒకప్పుడు గోథమ్‌లో ప్రభుత్వ ప్రాసిక్యూటరు. ముఖం ఒక పక్క యాసిడ్‌తో కాలిపోయిన తరువాత అతడు ఏ పని చేయాలన్నా ఒక నాణెం ఎగరేసి చూసుకుంటాడు. దానికి రెండు పక్కలా బొమ్మే ఉంటుంది, ఒక పక్క మాత్రం గీతలతో చెడిపోయి ఉంటుంది. ఈ పుస్తకంలో ఆర్కమ్ వైద్యురాలు అతని చేతిలోంచి ఆ నాణెం తీసేసి పాచిక ఇస్తుంది. రెండు దారుల మనిషికి ఆరు దారులు దొరికాయని సంతోషిస్తుంది. ఆపైన పాచిక తీసేసి జోస్యం చెప్పడానికి వాడే, 78 ముక్కలుండే టారో పేక ఇస్తుంది. ఆ 78 దారుల మధ్య ఆ మనిషి చివరికి మూత్రానికి వెళ్ళాలా వద్దా అన్నది కూడా తేల్చుకోలేక, ఉన్నచోటే బట్టలు తడుపుకుంటాడు. వైద్యురాలిది దుర్మార్గం కాదు. ఆమె మనస్ఫూర్తిగా మేలు కోరి చేసింది. రోగి నుంచి ఏం తీసేయాలో ఆమెకు తెలిసింది గాని, దాని ఆసరాతో అతడు ఎంత బతుకు నిలబెట్టుకున్నాడో తెలియలేదు.

ఆ పుస్తకం చివర బ్యాట్‌మన్ ఆ నాణెం తెచ్చి టూ-ఫేస్ చేతిలో పెడతాడు. తనను వదలాలా చంపాలా అన్నది ఆ నాణేనికే వదిలేస్తాడు. మంచి పక్క పడితే వదిలిపెట్టాలి, గీతల పక్క పడితే చంపాలి. టూ-ఫేస్ ఎగరేసి చూసి, వదిలేయండి అంటాడు. బ్యాట్‌మన్ వెళ్ళిపోతాడు. తరువాత నాణేన్ని మనకు దగ్గరగా చూపిస్తారు. పడింది గీతల పక్క. అంటే ఎన్నో ఏళ్ళ తరువాత ఆ మనిషి తన నిర్ణయం తానే చేసుకున్నాడు, ఎవరికీ చెప్పకుండా. ఆర్కమ్ చరిత్రలో ఒక రోగి ఒక్క అడుగు ముందుకు వేశాడని నేను వేలుపెట్టి చూపగల సందర్భాల్లో ఇది మొదటిది. అది చూడడానికి ఆసుపత్రి వారెవరికీ తీరిక లేదు.

అదే పుస్తకంలో ఆ ఆసుపత్రి స్థాపకుడు అమడేయస్ ఆర్కమ్ కథ కూడా నడుస్తుంది. తల్లి మతిచలనంతో బాధపడిన ఇంటినే ఆయన ఆసుపత్రిగా మారుస్తాడు. హాకిన్స్ అనే హంతకుడు ఆయన భార్యనూ కూతుర్నీ చంపుతాడు. అదే హాకిన్స్ రోగిగా వస్తే ఆయన వైద్యం చేస్తాడు. అందరూ ఆయన సహనాన్ని మెచ్చుకుంటారు. ఆ హత్యలు జరిగి సరిగ్గా ఏడాది నిండిన రోజున, కరెంటు చికిత్స ఇచ్చే బల్లకు కట్టేసి హాకిన్స్‌ను చంపేస్తాడు. ప్రమాదం జరిగిందని రాసుకుంటారు. చివరికి ఆయన కూడా తన ఆసుపత్రిలోనే రోగి అయి, గోళ్ళతో నేల మీద అక్షరాలు గీస్తూ చనిపోతాడు. చికిత్సకు, పగకు మధ్య ఉన్న గీత ఆ ఇంటి పుట్టుకలోనే చెరిగిపోయిందని చెప్పడం రచయిత ఉద్దేశం. జైలు పెట్టినవాడి మనసులో ఏముందో అదే ఆ జైలు గోడల్లోకి ఎక్కుతుందన్న ఈ ఆలోచన నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

తరువాతి కాలపు కథల్లో ఆర్కమ్ నుంచి తప్పించుకోవడాలు లెక్కలేనన్ని. 1993 నాటి కథల వరుసలో బేన్ అనేవాడు గోడలు పేల్చి అందరినీ ఒకేసారి వదిలేస్తాడు. వాళ్ళను ఒక్కొక్కరినే పట్టుకొచ్చి బ్యాట్‌మన్ అలసిసొలసిపోయాక అతని వెన్ను విరుస్తాడు. మార్వెల్ అనే మరో కామిక్స్ సంస్థ వారి కథల్లో రాఫ్ట్ అనే జైలుదీ ఇదే పరిస్థితి, అక్కడ ఎలక్ట్రో అనే విలన్ కరెంటు పోగొట్టేసరికి డజన్ల మంది బయటపడ్డారు. ఇవి చదవడానికి ఉత్సాహంగానే ఉంటాయి. వీటి గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే తాళం విరగడం కంటే తాళం వేసి ఉన్నప్పుడు లోపల ఏం జరుగుతుందన్నదే నాకు ముఖ్యం.

ఆర్కమ్ మీద నాకున్న ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. ఆ కథల్లో మతిచలించినవాడంటే హంతకుడు, హంతకుడంటే మతిచలించినవాడు. రెండు మాటలూ కలిసి ఒకే మాట అయిపోయాయి. చట్టం ఎప్పుడూ అలా అనలేదు. 1843లో ఇంగ్లండులో మెక్‌నాటన్ కేసు తరువాత స్థిరపడిన సూత్రమే 1860 నాటి మన భారతీయ శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ అయింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షన్. మనోవైకల్యం వల్ల, తాను చేస్తున్న పని ఏమిటో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడికే ఆ రక్షణ వర్తిస్తుంది. నెలల ముందు పథకం వేసి, మనుషులను కుదుర్చుకుని, పారిపోయే దారి కూడా చూసుకునే జోకర్‌కు ఆ సూత్రం ఏ కోణంలో వర్తిస్తుంది? 2011లో ముగ్గురు అమెరికన్ మానసిక వైద్యులు న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వ్యాసం రాసి, కామిక్స్ మానసిక వ్యాధిని నేరంతో ముడిపెట్టే తీరును మార్చుకోవాలని కోరారు. నేను వారి పక్షమే.

వారి పక్షాన ఉండడానికి నాకు సొంత కారణం ఉంది. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా పెద్దమ్మ కొడుకు, నేను అన్నయ్య అని పిలుచుకునే మనిషి, నాలుగు నెలలు ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఉన్నాడు. ఆదివారాలు పెద్దమ్మకు తోడుగా నేనూ వెళ్ళేవాణ్ణి. గేటు దగ్గర పుస్తకంలో పేరు రాయించుకుని, చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చునేవాళ్ళం. వార్డు బాయ్ అన్నయ్యను తీసుకొచ్చి కూర్చోబెట్టేవాడు. పెద్దమ్మ క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటే విప్పి, పప్పన్నంలో చింతకాయ పచ్చడి కలిపి ముద్దలు చేసి పెట్టేది. మందుల వల్ల అన్నయ్య చేతులు వణికేవి, ముద్ద నోటిదాకా వెళ్ళేలోగా మెతుకులు చొక్కా మీద పడేవి. పెద్దమ్మ ఆ మెతుకులు ఏరి తన అరచేతిలో పెట్టుకునేది. అతను ప్రతివారం అడిగేది ఒక్కటే, మా వీధి చివర వేపచెట్టు కొట్టేశారా, ఉందా అని. ఉందిరా అని ప్రతివారం నేను చెప్పేవాణ్ణి. అన్నయ్య కోలుకుని ఇంటికి వచ్చాడు, ప్రింటింగ్ ప్రెస్సులో పాతికేళ్ళు పనిచేశాడు, కూతురి పెళ్ళి చేశాడు. అతడు ఎవరిమీదా చెయ్యెత్తింది మేము చూడలేదు. అయినా అతను ఎదురొస్తే పిల్లలను పక్కకు లాక్కునేవాళ్ళు మా వీధిలో చివరిదాకా ఉన్నారు. హైదరాబాదులో ఎవరినైనా తిట్టాలంటే ఎర్రగడ్డకు పంపాలి అంటారు. ఒక ఆసుపత్రి ఉన్న పేట పేరు తిట్టయిపోయింది. గోథమ్ వాసులకు ఆర్కమ్ అన్న మాట ఎలా వినిపిస్తుందో అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకుడికి ఇంకే వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

ఆ నాలుగు నెలల అనుభవంతో చదువుతాను గనుక, ఆర్కమ్ కథల్లో నేను వెతికేది ములాఖత్ వేళ. క్యారియర్ పట్టుకుని వచ్చే తల్లి ఎక్కడైనా ఉందా అని చూస్తాను. నేను చదివినంతలో అలాంటి బొమ్మ దాదాపు లేదు. వందల మంది రోగులున్న ఆసుపత్రికి బయటినుంచి వచ్చేవాళ్ళు బ్యాట్‌మన్, పోలీసు కమిషనర్ గోర్డన్, లేదంటే విడిపించుకుపోవడానికి వచ్చే అనుచరులు. రోగులకు అమ్మానాన్నలు లేరు, అన్నదమ్ములు లేరు. ఆర్కమ్‌లో చికిత్స ఎందుకు ఫలించదు అన్న ప్రశ్నకు, అమడేయస్ గోళ్ళతో గీసిన అక్షరాల కంటే ఈ లోటే నాకు సరైన జవాబుగా తోస్తుంది.

వైద్యం అన్న మాటే ఎత్తని జైళ్ళు కూడా కామిక్స్‌లో ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి చూస్తే ఆర్కమ్ మీద కాస్త గౌరవం పెరుగుతుంది. లూసియానాలోని బెల్ రీవ్ అలాంటిది. 1987లో జాన్ ఆస్ట్రాండర్ రాసిన సూయిసైడ్ స్క్వాడ్ కథలకు అది కేంద్రం. అమాండా వాలర్ అనే అధికారిణి అక్కడి ఖైదీలను ప్రాణాంతకమైన రహస్య పనులకు పంపి, బతికి వస్తే శిక్ష తగ్గిస్తానంటుంది. పారిపోకుండా మణికట్టుకు పేలుడు కడియం తొడుగుతారు. తొమ్మిదో సంచికలో స్లిప్‌నాట్ అనే ఖైదీ, ఆ కడియాలు ఒట్టి బెదిరింపేమోనని తోటి ఖైదీ కెప్టెన్ బూమరాంగ్ ఎక్కించిన మాట నమ్మి పారిపోబోతాడు. కడియం పేలి చెయ్యి పోతుంది. బూమరాంగ్‌కు కావలసింది నిజమో కాదో తెలియడం, అది తెలిసింది. లూసియానా అనగానే అమెరికన్ పాఠకుడికి అంగోలా జైలు గుర్తుకొస్తుంది. ఒకప్పుడు బానిసలు పనిచేసిన తోట అది, 18 వేల ఎకరాల ఆ నేలలో ఖైదీలు ఇప్పటికీ పొలం పని చేస్తారు. 1865లో బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా రాజ్యాంగపు 13వ సవరణ, నేరానికి శిక్షగా అయితే ఆ చాకిరీకి మినహాయింపునిచ్చింది. ఆ మినహాయింపు కొసదాకా వెళితే ఎలా ఉంటుందో చూపించాడు గనుకనే ఆస్ట్రాండర్ కథలు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి.

2006, 2007ల్లో నడిచిన మార్వెల్ వారి సివిల్ వార్ కథలో మరో జైలుంది, దాని పేరు ఒక అంకె, 42. ఐరన్‌మన్‌గా పేరున్న టోనీ స్టార్క్, మరో వీరుడు రీడ్ రిచర్డ్స్ కలిసి వేరే విశ్వంలో కట్టించారు. అందులో పెట్టింది విలన్లను మాత్రమే కాదు, ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోనన్న వీరులను కూడా, విచారణ లేకుండా. అమెరికా విచారణ లేకుండా మనుషులను నిర్బంధించిన గ్వాంటనామో జైలు తెరిచి అప్పటికి నాలుగేళ్ళు. స్పైడర్‌మన్ ఆ జైలును కళ్ళారా చూశాకే స్టార్క్ పక్షం వదిలేస్తాడు. అక్కడికి తీసుకొచ్చిన, డేర్‌డెవిల్ అనే వీరుడి వేషంలో ఉన్న మనిషి నాలుక కింద దాచుకున్న వెండి నాణెం ఒకటి దొరికితే, అది స్టార్క్ చేతికి వస్తుంది. ఏసుక్రీస్తును పట్టిచ్చినందుకు జూడాస్ పుచ్చుకున్న వెండి నాణేలు ముప్ఫయి, ఇప్పుడు నీ దగ్గర ముప్ఫయొకటి ఉన్నాయన్న అర్థంలో ఆ ఖైదీ అన్న మాటకు స్టార్క్ దగ్గర జవాబుండదు.

మళ్ళీ ఆర్కమ్‌కు వస్తాను. 1992లో పాల్ డీనీ, బ్రూస్ టిమ్ బ్యాట్‌మన్ కార్టూన్ ధారావాహిక కోసం సృష్టించిన పాత్ర హార్లీ క్విన్. ఆమె ఆర్కమ్‌లో మానసిక వైద్యురాలు. జోకర్‌కు వైద్యం చేయబోయి అతని మాయలో పడి, తెల్లకోటు వదిలేసి రోగిగా అదే ఆసుపత్రికి వచ్చింది. ఆమె గురించి 1994లో వచ్చిన ఒక భాగం ఉంది. వైద్యులు నయమైందని కాగితం రాసిచ్చి ఆమెను పంపిస్తారు. ఆమె మొదటి రోజే బజారుకు వెళ్ళి ఒక గౌను కొనుక్కుంటుంది. డబ్బిచ్చే కొంటుంది. దుకాణం వాళ్ళు గౌనుకున్న భద్రతా ట్యాగు తీయడం మరచిపోతారు. గుమ్మం దాటుతుండగా గంట మోగుతుంది, కాపలాదారు పిలుస్తాడు. అతడు పిలిచింది ట్యాగు తీసిద్దామనే. ఆమెకు మాత్రం దొంగతనం అంటగడుతున్నారనిపిస్తుంది, బెదిరిపోతుంది. ఆ బెదురులో ఒకదాని వెంట ఒకటి జరగరానివి జరిగి, చీకటి పడేసరికి ఊరి పోలీసులంతా ఆమె వెంట పడతారు.

చివరికి బ్యాట్‌మన్ ఆమెను ఆర్కమ్‌కు తీసుకొస్తాడు. అప్పగించి వెళ్ళిపోకుండా కాసేపు ఆగుతాడు. నాకోసం ఇంత దూరం ఎందుకు వచ్చావని ఆమె అడిగితే, పాడైన బతుకును తిరిగి కట్టుకోవడం ఎంత కష్టమో తనకు తెలుసునని, తనకూ ఒకప్పుడు అలాంటి చెడ్డరోజు వచ్చిందని చెబుతాడు. ఆ తరువాత ఆమె పొద్దున కొనుక్కున్న గౌనును తెచ్చి ఆమె చేతిలో పెడతాడు.